వానకు ముందు ఏది చూడాలి: రాడార్ లూపా, గంటల అంచనానా?

“యాప్‌లో నాలుగింటికి 40 శాతం వాన అని ఉంది. బయల్దేరొచ్చా?” అని అడిగేవాళ్లే ఎక్కువ. 40 శాతం అంటే ఇలాంటి వాతావరణం పదిసార్లు కుదిరితే, నాలుగుసార్లు మీరున్న చోట ఆ గంటలో వాన పడొచ్చని. ఎన్నింటికి మొదలవుతుంది, ఎంతసేపట్లో తెరిపి ఇస్తుంది, తుంపరా కుండపోతా అనేవి ఆ అంకెలో ఉండవు. ఇప్పుడు బండి తీయాలా, పొలంలో మందు కొట్టాలా, స్లాబుకు కాంక్రీటు కలపడం మొదలుపెట్టాలా అన్నది తేల్చుకోవాలంటే రాడార్ లూప్, అంటే వాన ఎక్కడుందో చూపే రాడార్ బొమ్మలను వరసగా ఆడించేది, చూడాలి. రేపటి సంగతైతే రాడార్ చూసి లాభం లేదు. చిక్కల్లా మధ్యలో ఉండే రెండు మూడు గంటలతోనే.

గంటల అంచనా కంప్యూటర్ మోడల్ నుంచి వస్తుంది. చాలామంది వాడే జీఎఫ్ఎస్ అనే అమెరికా వాతావరణ మోడల్ భూమిని సుమారు 13 కిలోమీటర్ల గళ్లుగా కోసి లెక్కిస్తుంది, రోజుకు నాలుగుసార్లు. మధ్యాహ్నం ఎండకు పుట్టే ఉరుముల మబ్బు అడ్డంగా ఐదు నుంచి పది కిలోమీటర్లే ఉండొచ్చు. గడి కన్నా చిన్నదాన్ని మీ వీధి మీద పెట్టి చూపించడం ఆ మోడల్ వల్ల కాదు. అల్పపీడనం, రోజంతా పట్టే ముసురు, తుపాను లాంటి పెద్ద వ్యవస్థలను మాత్రం బాగానే పసిగడుతుంది. ఈ రోజు వాన రోజా కాదా అన్నంతవరకు దాన్ని నమ్మొచ్చు.

“12 నిమిషాల్లో వాన” అని ఫోన్‌కు వచ్చే కబురు వేరే రకం. అందులో ఎక్కువ భాగం రాడార్ బొమ్మనే తీసుకుని, అందులో వానను చూపే రంగు మచ్చ ఏ దిక్కుకు ఎంత వేగంతో కదులుతోందో చూసి ముందుకు జరిపిన లెక్క. బారుగా కదిలే వానపట్టీకి ఇది చక్కగా కుదురుతుంది. విడి ఉరుముల మబ్బు దగ్గర తప్పుతుంది, ఎందుకంటే దాని ఆయుష్షు మామూలుగా అరగంట నుంచి గంట. 40 నిమిషాల తర్వాత వస్తుందన్న మబ్బు 25వ నిమిషానికే కురిసి ఖాళీ అయిపోవచ్చు. ఏ కబురూ లేకుండా నెత్తిమీదే కొత్తది పుట్టొచ్చు.

నా దృష్టిలో తేల్చేది ఇదే: ఆ మచ్చ పెరుగుతోందా, చచ్చిపోతోందా? యాప్ కబురు ఇది చెప్పదు, శాతం అసలే చెప్పదు. గత గంట బొమ్మలను వరసగా ఆడిస్తే కంటికి తెలిసిపోతుంది. అందుకే గంటలోపు నిర్ణయాలకు నా ఓటు లూప్‌కే.

చూసే పద్ధతి ఇది. ముందుగా బొమ్మ మీద ఉన్న సమయం చదవండి. చాలా రాడార్ బొమ్మల మీద అది యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది, మీ గడియారానికి మార్చుకోవాలి. రాడార్ ఆకాశాన్ని ఒకసారి చుట్టి రావడానికే ఐదు నుంచి పది నిమిషాలు పట్టొచ్చు. ఆ తర్వాత బొమ్మ తయారై మీ దాకా రావాలి. కాబట్టి “లైవ్” అని రాసి ఉన్నా అది పది పదిహేను నిమిషాల పాతది కావచ్చు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాన పదిహేను నిమిషాల్లో పది కిలోమీటర్లు నడుస్తుంది. బొమ్మలో ఎనిమిది కిలోమీటర్ల అవతల ఉన్నట్టు కనిపించే అంచు ఈపాటికి మీ గుమ్మంలో ఉండొచ్చు.

తర్వాత మచ్చ ముందు అంచును పట్టుకోండి. నడిమధ్యను కాదు. 4:10 బొమ్మలో అంచు మీకు 36 కిలోమీటర్ల దూరంలో ఉంది, 4:40 బొమ్మలో 21. అంటే అరగంటకు 15 కిలోమీటర్లు. మిగిలిన 21 కిలోమీటర్లకు 42 నిమిషాలు, అంటే 5:22. మీరు ఆ బొమ్మ చూస్తున్నది 4:52కి అయితే చేతిలో ఉన్నది అరగంటే. అందులోనూ మూడో వంతు కొట్టేసి ఇరవై నిమిషాలే అనుకోవడం మంచిది. కురుస్తున్న మబ్బు కింద నుంచి చల్లగాలి ముందుకు తన్నుకొచ్చి ఎదర ఉన్న వేడిగాలిని పైకి ఎత్తుతుంది, అక్కడ కొత్త మబ్బు పుడుతుంది. అలా అంచు నడవడం మాని ఒక్కసారిగా గెంతుతుంది.

మూడోది రంగు. కొలత డీబీజెడ్‌లో ఉంటుంది, అంటే వాన చినుకులకు తగిలి రాడార్‌కు తిరిగొచ్చే సంకేతం ఎంత బలంగా ఉందన్న లెక్క. స్థూలంగా 20 అంటే తుంపర, 30 దగ్గర గంటకు రెండు మూడు మిల్లీమీటర్లు, 40 దగ్గర పదీ పన్నెండు, 50 దగ్గర యాభైకి దరిదాపు. పది పెరిగితే వాన జోరు సుమారు నాలుగింతలు, రెట్టింపు కాదు. 55 దాటితే వడగళ్లను అనుమానించాలి. చివరి మూడు నాలుగు బొమ్మల్లో నడిమి ఎరుపు వెడల్పు అవుతూ అంచులు గీత గీసినట్టు పదునుగా ఉంటే మబ్బు ఇంకా బలం పుంజుకుంటోంది. ఎరుపు పసుపై, అంచులు అలుక్కుపోయినట్టు పాకుతుంటే కురవాల్సింది కురిసేసినట్టే. అలాంటిది మీ దాకా వచ్చినా చినుకులతో సరి.

రాడార్ కూడా తప్పుతుంది, ఎక్కడ తప్పుతుందో తెలిస్తే చాలు. కిరణం నేల వంపును అనుసరించదు. అర డిగ్రీ ఎత్తులో పంపినా 100 కిలోమీటర్ల దూరంలో నేలకు ఒకటిన్నర కిలోమీటర్ల పైన, 200 దగ్గర సుమారు నాలుగు కిలోమీటర్ల పైన పోతుంది. మీరు రాడార్‌కు అంత దూరంలో ఉంటే కింద పడుతున్న చిన్న వాన దానికి కనిపించదు. తిరగేసి చూస్తే, పైన కనిపించిన చినుకు పొడిగాలిలో ఆవిరైపోయి నేలకు రాకపోవచ్చు కూడా. కొండ అడ్డొస్తే వెనక అంతా ఖాళీ. పొట్టి తరంగం వాడే రాడార్లకైతే గట్టి వాన కూడా అడ్డే: మీకూ రాడార్‌కూ మధ్య కుండపోత పడుతుంటే, దాని వెనక ఉన్నది అసలు కన్నా పలచగా కనిపిస్తుంది. గంట లూప్‌లోనూ కదలని చుక్కలుంటే అవి కొండలో టవర్లో, వాన కాదు. ఒకే రాడార్ నుంచి రెండు మూడు రకాల బొమ్మలు వస్తుంటే అన్నిటికన్నా తక్కువ ఎత్తుదాన్ని ఎంచుకోండి. గరిష్ఠ విలువ చూపే బొమ్మ మబ్బులో ఏ ఎత్తున ఉన్న బలాన్నయినా నేల మీద వానలా చూపించి భయపెడుతుంది.

ఇంకో మోసం ఉంది. కొన్ని యాప్‌లు మోడల్ లెక్కనే రాడార్ రంగులు పులిమి చూపిస్తాయి. పట్టుకోవడం తేలిక: కింద ఉన్న సమయపు గీతను రేపటి దాకా లాగగలిగితే, ఆ ముందు భాగమంతా మోడలే. జరిగిపోయిన సమయంతో ఆగిపోయేదే అసలు రాడార్. రెండూ ఒకే గీతలో అతికించి ఉంటే “ఇప్పుడు” అన్న చోట మచ్చల ఆకారం ఉన్నట్టుండి మారుతుంది.

కనుక పొద్దున్నే గంటల అంచనా చూసి రోజును ఖాయం చేసుకోండి, బయల్దేరే గంట ముందు నుంచి లూప్ చూడండి, చేతులు ఖాళీ లేనప్పుడు యాప్ కబురును కాపలా పెట్టండి. ఒకటి నుంచి మూడు గంటల మధ్య వ్యవహారమైతే వానపట్టీ ఉన్న రోజున లూప్‌నే ముందుకు సాగదీయొచ్చు. విడి మబ్బుల రోజున సాగదీయకండి. పని ఆపగలిగే చోట మొదలుపెట్టి, ప్రతి పావుగంటకూ కొత్త బొమ్మ చూడటమే దారి.

ఉపగ్రహ చిత్రం రాడార్ లేని చోటికి పనికొస్తుంది, అంతే. రాత్రిపూట అది చూపేది మబ్బు పైకప్పు ఎంత చల్లగా ఉందన్నది. ఉరుముల మబ్బు నుంచి గాలికి కొట్టుకొచ్చిన పల్చటి తెర కూడా తళతళా తెల్లగా కనిపిస్తుంది, కింద చుక్క వాన ఉండదు. పిడుగుల మ్యాప్ వాన సమయం చెప్పదు గానీ, రాడార్‌లో వాన అంచు ఇంకా పది కిలోమీటర్లు ఉందన్న ధీమాతో ఆరుబయట నిలబడేవాళ్లకు అవసరమే. పిడుగు ఆ అంచు దాటి కూడా పడుతుంది. ఉరుము వినిపిస్తే లోపలికి రండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి వెళ్లండి.