చెట్ల ఆకులు కడగడానికి 5 లీటర్ల స్ప్రేయర్: ఆరు నెలలు వాడాక

ఇంటి ముందు రోడ్డు పని మొదలైన దగ్గర్నుంచి మా జామ, మామిడి చెట్లు బూడిద రంగుకి తిరిగిపోయాయి. ఒక జామాకు మీద వేలితో గీస్తే పచ్చటి చార పడింది, వేలికేమో పిండిలా అంటుకుంది. అది చూసి మనసొప్పక చేత్తో గాలి కొట్టే ఈ స్ప్రేయర్ కొన్నాను.

నాజిల్ తిప్పితే సన్నటి తుంపర నుంచి ధార దాకా వస్తుంది. మొదటి వారం ఉత్త తుంపరే కొట్టి తప్పు చేశాను. ఆ కాస్త తడికి దుమ్ము బురదై, ఎండకి ఆరి, ఆకుకి పూత పెట్టినట్టు పట్టేసింది. సిమెంటు దుమ్మైతే మరీ ఘోరం, తడి తగిలితే పెచ్చు కడుతుంది, పైగా క్షారం కాబట్టి ఆకు మీది మైనపు పొర కూడా పాడవుతుంది. ఇప్పుడు ముందు తుంపరతో నానబెట్టి, రెండు నిమిషాలాగి, ధార కొంచెం వెడల్పు చేసి, ఆకు నుంచి కారే నీళ్లు తేటపడేదాకా కడుగుతున్నాను. లేత చిగుళ్ల మీద మాత్రం గట్టి ధార వద్దు, చిరిగిపోతాయి.

నాకు బాగా నచ్చింది చివర వంపు తిరిగిన గొట్టం. చాలా చెట్లకి పత్రరంధ్రాలు, అంటే ఆకు గాలి పీల్చుకునే సన్నటి రంధ్రాలు, ఎక్కువగా ఆకు అడుగునే ఉంటాయి, పైన మాత్రమే కడిగితే సగం పనే అయినట్టు. దుమ్ము పైన పేరుకుంటే వెలుతురు అందక ఆకు ఆహారం తయారు చేసుకోలేదు, రంధ్రాల్లో ఇరుక్కుంటే అవి సరిగ్గా మూసుకోక నీరు ఎక్కువ పోతుంది, దుమ్ము పట్టిన ఆకు ఎండకి మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది కూడా. ఆకు రసం పీల్చే చిన్న పురుగు ఎర్రనల్లి కూడా దుమ్ము పట్టిన ఆకుల మీదే బాగా పెరుగుతుంది, ఎందుకంటే దాన్ని తినే పురుగులకి ఆ దుమ్ములో తిరగడం కష్టం. అడుగున కడగడం మొదలుపెట్టాక నల్లి బాగా తగ్గింది. నున్నటి మామిడాకు తేలిగ్గానే శుభ్రపడుతుంది గానీ, ఈనెలు లేచి అడుగున నూగుండే జామాకుకి రెండింతల నీళ్లు పడుతున్నాయి.

లోపాలు ఉన్నాయి. 5 లీటర్లు ఒక చిన్న చెట్టుకే చాలవు, నింపడానికి తిరగడంతోనే సరిపోతుంది. రెండో నెలకే పంపు వాషర్ ఎండిపోయి గాలి నిలవలేదు, కొంచెం నూనె రాస్తే సర్దుకుంది. చేయెత్తితే అందే కొమ్మల వరకే ఇది, పెద్ద చెట్లకి పైపు కావాల్సిందే.

పసుపు తిరిగిన పాత ఆకులు కోలుకోలేదు, అవి రాలిపోయాయి. కొత్తగా వచ్చిన చిగురు మాత్రం పచ్చగానే ఉంది, దాన్ని చూస్తే కొన్నందుకు సంతోషంగానే ఉంది. పొద్దున్నే కడగండి, సాయంత్రం కడిగితే రాత్రంతా తడి నిలిచి తెగుళ్లు వస్తాయి. కలుపు మందు కొట్టిన స్ప్రేయర్‌ని మాత్రం, ఎన్నిసార్లు కడిగినా సరే, ఈ పనికి వాడొద్దు.