బాత్ నగరంలో తండ్రీకొడుకులు కట్టిన వీధులు

మా నాన్న తాండూరులో నలభై ఏళ్లు తాపీమేస్త్రీగా పనిచేశాడు. ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు లండన్ అంతా తిప్పినా పెద్దగా ఏమీ అనలేదు. బాత్‌లో రైలు దిగి పది నిమిషాలు నడిచామో లేదో, ఒక ఇంటి గోడ మీద అరచేయి ఆనించి నిలబడిపోయాడు. "సున్నపురాయే బిడ్డా. కానీ మన బండ లెక్క పొరలు లేవు. ఎటు కోస్తే అటు తెగుతది" అన్నాడు. నిజమే. ఊరి పక్కనే కూంబ్ డౌన్ గనుల్లో తవ్విన ఈ తేనెరంగు రాయి మీదే అంత సన్నటి చెక్కుడు పని సాధ్యమైంది.

రెడింగ్ నుంచి రైల్లో గంట ప్రయాణం. చాలామంది ఉదయం వచ్చి, రోమన్ స్నానశాలలు చూసి సాయంత్రానికి వెళ్లిపోతారు. ఒక్క రాత్రయినా ఉండండి. 46 డిగ్రీల వేడినీటి ఊట చూడదగ్గదే, కానీ టికెట్ ఖరీదు, క్యూ పొడవు. ఊరి అసలు అందం వీధుల్లో ఉంది, దానికి టికెట్ లేదు. ఆ వీధులకు రూపం ఇచ్చింది వాస్తుశిల్పి జాన్ వుడ్, అదే పేరున్న ఆయన కొడుకు.

క్వీన్ స్క్వేర్ దగ్గర మొదలుపెట్టండి. 1728లో తండ్రి మొదలుపెట్టిన పని ఇది. ఉత్తరం వైపు ఇళ్ల వరుస మొత్తం ఒకే రాజభవనంలా కనిపిస్తుంది. అక్కడి నుంచి గే స్ట్రీట్ నిట్టనిలువు ఎత్తు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే పైదాకా టాక్సీలో వెళ్లడం మంచిది. నాన్న వద్దన్నాడు, మూడుసార్లు ఆగి ఎక్కాడు.

పైన సర్కస్. అంటే వలయం. 33 ఇళ్లు మూడు ముక్కలుగా గుండ్రంగా ఉంటాయి. ఏ వీధిలోంచి వచ్చినా ఎదురుగా వంపు గోడే కనిపిస్తుంది. పాత గ్రీకు స్తంభాల పద్ధతులు మూడూ ఇక్కడ ఉన్నాయి: కింది అంతస్తువి డోరిక్, మధ్యవి అయోనిక్, పైవి కొరింథియన్. కింది స్తంభాల పైన పట్టీలో పాములు, ఓడల గుర్తులు, పనిముట్లు, ఇలా 525 చిన్న బొమ్మలున్నాయి. 1754లో శంకుస్థాపన జరిగిన కొద్ది నెలలకే తండ్రి చనిపోయాడు. 26 ఏళ్ల కొడుకు పని ఎత్తుకుని 1768కి పూర్తి చేశాడు.

ఇది చెప్పగానే నాన్న వలయం చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. చేయి మారిన చోటు ఎక్కడో ఒకచోట తెలుస్తుందని ఆయన నమ్మకం. ఒక్కో గుమ్మం దగ్గర ఆగి తల వెనక్కి వాల్చి చూశాడు. దాదాపు గంట పట్టింది. "దొరకలే" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

బ్రాక్ స్ట్రీట్ చదునుగా ఉంటుంది. దాని చివరికి వచ్చేదాకా రాయల్ క్రెసెంట్ కనిపించదు, వచ్చాక ఒక్కసారిగా పచ్చిక మీద నెలవంకలా తెరుచుకుంటుంది. కొడుకు సొంతంగా గీసింది ఇది: 1767 నుంచి 1774 దాకా కట్టారు, 30 ఇళ్లు, 114 స్తంభాలు. ముందు గోడ మాత్రమే ఆయనది. కొనుక్కున్నవాళ్లు వెనక ఇల్లు తమ అవసరం కొద్దీ కట్టించుకున్నారు. వెనక సందులోకి తప్పకుండా వెళ్లండి, ఇళ్ల ఎత్తులు, కిటికీలు ఒకదానికొకటి పొంతన ఉండదు. నంబర్ 1 ఇంట్లో మ్యూజియం ఉంది. అప్పటి వంటగది కోసమైనా లోపలికి వెళ్లొచ్చు. గుంపు వద్దనుకుంటే ఉదయం ఎనిమిదిలోపే రండి.

బసతోనే ఇబ్బంది పడ్డాం. పాతకాలపు ఇంట్లో ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశాను. లిఫ్ట్ ఉందని ఫోన్‌లో చెప్పారు, తీరా వెళ్తే లేదు. మూడో అంతస్తు, ఇరుకు మెట్లు, పెద్ద సూట్‌కేసు. నాన్న ఎలా ఎక్కుతాడో అని నాకు ఒకటే టెన్షన్. గట్టిగా అడిగితే మర్నాడు కింది గదికి మార్చారు. ఈ ఊళ్లో ఇలాంటి ఇళ్లే ఎక్కువ కాబట్టి గది ఏ అంతస్తో రాతపూర్వకంగా తెప్పించుకోండి. పెద్దవాళ్లతో వస్తే స్టేషన్ దగ్గర కొత్త హోటళ్లే నయం. చూడ్డానికి అందం తక్కువే, సుఖం ఎక్కువ.

రెండో రోజు ఉదయం స్నానశాలల టికెట్లు తీసుకుందామా అని అడిగాను. నాన్న అప్పటికే బూట్లు వేసుకుని ఉన్నాడు. "ఆ గుండ్రం దగ్గర ఇంకోపాలి చూస్త" అన్నాడు.