12 రోజుల చార్‌ధామ్ టూర్: భోజనానికి ఫుల్ మార్కులు, టైముకి మాత్రం ఇవ్వలేను

మహాలయ పక్షాల్లో మా అమ్మని తీసుకుని చార్‌ధామ్ (యమునోత్రి, గంగోత్రి, కేదార్‌నాథ్, బదరీనాథ్) వెళ్ళొచ్చానండీ. హైదరాబాద్‌లో ఒక తెలుగు టూర్స్ వాళ్ళ ప్యాకేజీ, ఢిల్లీ నుంచి ఢిల్లీ దాకా 12 రోజులు, మనిషికి 41 వేలు, ఢిల్లీ వరకు రైలు టికెట్లు మనవే. పేరు రాయను. బుక్ చేసేముందు నేను నాలుగైదు చోట్ల అడిగాను, అందరి షెడ్యూలూ దాదాపు ఒకటే, కాబట్టి మీరు ఎవరితో వెళ్ళినా ఇక్కడ రాసేది పనికొస్తుంది. ముఖ్యంగా పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు చదవండి.

మేం ఎందుకు వెళ్ళామో ముందు చెప్పాలి. నాన్న పోయి రెండేళ్ళయింది. గయలో పిండం పెట్టాం. గయ అయ్యాక బదరీలో బ్రహ్మకపాలంలో కూడా పెట్టాలని మా వైపు అంటారు, శివుడి చేతికి అంటుకున్న బ్రహ్మ కపాలం ఊడి పడింది అక్కడేనని, అక్కడ పెడితే పితృదేవతలకి ఇంక లోటుండదని. అమ్మకి 66, మోకాళ్ళ నొప్పి, బీపీ. ఇప్పుడు వెళ్ళకపోతే ఇంక వెళ్ళలేనురా అంది. బుకింగ్ అప్పుడే ఆఫీసులో చెప్పాను, సార్ మాకు నాలుగు ధామాలూ చాలా ముఖ్యం కానీ బదరీలో ఒక పూట తప్పకుండా కావాలి అని. తప్పకుండా సార్ అన్నారు. కాగితం మీద రాయించుకోలేదు, అది నా తప్పే.

మంచి ముందు చెప్తాను. భోజనం. బస్సు వెనకే వంట సామాను, ఇద్దరు వంటవాళ్ళు, గ్యాస్ బండలు, పెద్ద గుండిగలు అన్నీ తెచ్చుకున్నారు. బార్కోట్‌లో హోటల్ కింద కార్లు పెట్టుకునే చోట పొయ్యి పెట్టి తెల్లారుజామున నాలుగింటికి ఉప్మా, అల్లం టీ. ఉల్లి వెల్లుల్లి లేకుండా పప్పు, ఒక కూర, చారు, పెరుగు, ఆవకాయ. ఆ చలిలో వేడి చారు గ్లాసులో పోసి ఇస్తుంటే మా బస్సులో పెద్దవాళ్ళందరికీ ప్రాణం లేచొచ్చేది. అక్కడి హోటళ్ళలో రెండుపూటలా రోటీ, రాజ్మా, ఆలూ దొరుకుతాయి, బాగానే ఉంటాయి గానీ పన్నెండు రోజులు అంటే మన పెద్దవాళ్ళకి కష్టం. అమ్మకి షుగర్ లేదు గానీ పక్క సీటు ఆవిడకి ఉంది, ఆవిడకి విడిగా జొన్న రొట్టె చేసిపెట్టేవాడు ఆ పెద్ద వంటాయన, ఎవరూ అడగకుండానే. ఆయనది పాలకొల్లు దగ్గర ఏదో ఊరట. ఆయన చేతికి దణ్ణం.

బస్సు కూడా పర్లేదు, 26 మందిమి, డ్రైవర్ రిషికేశ్ అతను, ఘాట్ రోడ్డులో ఒక్కసారి కూడా భయం వేయలేదు. రూములు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి, గీజర్ ఉంటే కరెంటు ఉండదు, కరెంటు ఉంటే గీజర్ పనిచేయదు. కొండల్లో అది మామూలే, దానికి నేను మార్కులు తగ్గించను.

యమునోత్రి, గంగోత్రి బాగా జరిగాయి. జానకీచట్టి నుంచి యమునోత్రికి ఆరు కిలోమీటర్లు, దూరం చిన్నదే గానీ ఎక్కుడు చాలా నిటారుగా ఉంటుంది, గుర్రాలు, డోలీలు, నడిచేవాళ్ళు అందరూ ఒకే ఇరుకు దారిలో. పైన సూర్యకుండంలో గుడ్డలో బియ్యం కట్టి ముంచితే ఉడికిపోతాయి, అదే ప్రసాదం. గంగోత్రి ఉత్తరకాశి నుంచి వంద కిలోమీటర్లు, పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చాం, దార్లో హర్సిల్ దగ్గర దేవదారు చెట్లు, ఆపిల్ తోటలు చూసి ఇక్కడ ఒక రోజు ఉంటే ఎంత బాగుండు అనిపించింది, ఉండే టైమ్ లేదు.

అసలు సమస్య అక్కడే ఉంది. టైమ్. షెడ్యూల్‌లో ఒక్క పూట కూడా ఖాళీ లేదు. 12 రోజుల్లో ప్రతి రోజూ ఒకచోట నిద్రలేవాలి, ఇంకోచోట పడుకోవాలి, లేదా వంద కిలోమీటర్లు వెళ్ళి రావాలి. కాగితం మీద చూస్తే ఉత్తరకాశి నుంచి గుప్తకాశి 200 కిలోమీటర్లే కదా అనుకుంటాం, మనకి హైదరాబాద్ నుంచి విజయవాడ 270 ఉంటే ఐదు గంటల్లో పోతాం. అక్కడ తెల్లారి బయలుదేరితే చీకటి పడ్డాక చేరాం. ఒక బస్సు రిపేరయి అడ్డం నిలబడినా, ఎక్కడో నాలుగు రాళ్ళు పడినా ఆ రోజు అంతే. రాత్రిపూట ఘాట్ రోడ్డు మీద బండ్లు తిరగనివ్వరు, కాబట్టి ఆలస్యం అయితే రాత్రి నడిపి కలుపుకుందాం అనే మాటే లేదు.

కేదార్‌నాథ్ గురించి కొంచెం వివరంగా రాస్తాను. బుకింగ్ అప్పుడు హెలికాప్టర్ మేం చూస్తాం సార్, డబ్బులు విడిగా అన్నారు. వెళ్ళేముందు రోజు వరకు చూస్తాం చూస్తాం అంటూనే ఉన్నారు, చివరికి దొరకలేదు. మీకు తెలియాల్సింది ఏంటంటే ఆ టికెట్లు ఐఆర్‌సీటీసీ వాళ్ళ హెలీయాత్ర సైట్‌లో మాత్రమే అమ్ముతారు, గుప్తకాశి, ఫాటా, సెర్సీ నుంచి ఎగురుతాయి, ముందు యాత్ర రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి, బుకింగ్ తెరిచిన కాసేపటికే అయిపోతాయి. ఎవరైనా ఫోన్లో, వాట్సాప్‌లో నేను ఇప్పిస్తా అంటే డబ్బు పంపకండి. కావాలంటే మీరే తేదీ చూసుకుని కూర్చుని బుక్ చేసుకోవాలి, దానికి తగ్గట్టు టూర్ తేదీ పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ కూడా అంతే, అది ఫ్రీ, ఆధార్‌తో అవుతుంది, టూర్ వాళ్ళు చేసినా ఆ పీడీఎఫ్ మీ ఫోన్లో పెట్టుకోండి, ఒక ప్రింటు కూడా జేబులో ఉంచుకోండి, మా బస్సులో ఒకాయన పేరు ఆధార్‌లో ఒకలా, రిజిస్ట్రేషన్‌లో ఇంకోలా ఉండి సోన్‌ప్రయాగ్‌లో అరగంట నిలబెట్టారు.

రాత్రి రెండున్నరకి లేపారు. సోన్‌ప్రయాగ్ దాటి మన బస్సు పోనివ్వరు, అక్కడినుంచి గౌరీకుండ్‌కి ఐదు కిలోమీటర్లు లోకల్ జీపుల్లో వెళ్ళాలి, ఆ జీపు క్యూలోనే రెండు గంటలు. తర్వాత 16 కిలోమీటర్ల ఎక్కుడు. అమ్మకి గుర్రం మాట్లాడాను, కౌంటర్‌లో రసీదు తీసుకునే ఎక్కించాలి, దార్లో మాట్లాడుకుంటే రేటు వాళ్ళిష్టం. నేను గుర్రం పక్కనే నడుద్దామనుకున్నా, భీంబలి వచ్చేసరికే అది ముందు వెళ్ళిపోయింది. అమ్మ ఒక్కతే ఎక్కడో పైన, నేను కింద, ఫోన్ కలవదు. 2013 వరదలో కొట్టుకుపోయిన రాంబాడా దగ్గర వంతెన మీద నదికి అవతలి వైపు దాటాక లించోలీ దాకా ఆ ఎక్కుడు ఎక్కుతుంటే ఒకటే భయం. ఇంకో సంగతి, గుర్రాలు గుడి దాకా రావు, కిలోమీటరు పైనే ముందు దించేస్తారు. ఇది మాకెవరూ చెప్పలేదు. నేను వెళ్ళేసరికి అమ్మ అక్కడ ఒక టీ కొట్టు ముందు శాలువా కప్పుకుని వణుకుతూ కూర్చుని ఉంది. అక్కడినుంచి గుడికి నా భుజం పట్టుకుని పది అడుగులకోసారి ఆగుతూ నడిచింది. 3,583 మీటర్ల ఎత్తు అది, కుర్రాళ్ళకే ఆయాసం వస్తుంది.

ఇంత కష్టమైన రోజున టూర్ మేనేజర్ కిందే గుప్తకాశిలో ఉండిపోయాడు. 26 మందికి ఒక హెల్పర్ కుర్రాడిని పంపాడు, పాపం ఆ అబ్బాయి ఎంతమందిని చూస్తాడు. దీనికి నేను మార్కులు గట్టిగా తగ్గిస్తాను. మిగతా పదకొండు రోజులు మేనేజర్ బస్సులో ఉన్నా లేకపోయినా పర్లేదు, ఆ ఒక్క రోజు పైన ఉండాలి.

ఆ రాత్రి పైనే ఉండి, మర్నాడు తెల్లవారుజామున క్యూలో నిలబడితే లోపలికి పంపారు. లింగం మనం మామూలుగా చూసే ఆకారంలో ఉండదు, ఎద్దు మూపురంలా ఒక కొండరాయి. చేత్తో తాకి నెయ్యి రాయనిచ్చారు. అమ్మ రెండు చేతులూ ఆనించి అలాగే ఉండిపోయింది, వెనకవాళ్ళు జరగమంటున్నా. ఏం కోరుకున్నావమ్మా అంటే ఏమీ అడగలేదురా, నాన్న పేరు చెప్పానంతే అంది. గుడి వెనక భీమశిల దగ్గర కూర్చున్నాం కాసేపు, వరదని రెండుగా చీల్చి గుడిని కాపాడిన బండ. ఆ రాయి ముందు నిలబడితే మాట రాదు. అక్కడ రావల్, అంటే గుడి పెద్ద అర్చకుడు, కర్ణాటక వీరశైవ సంప్రదాయం ఆయన, బదరీలో రావల్ కేరళ నంబూద్రి అని అమ్మకి చెప్తే చాలా సంతోషించింది, ఇంత దూరం వచ్చినా మన దక్షిణాది వాళ్ళేనా అని.

గుప్తకాశి నుంచి బదరీ వెళ్ళే రోజున పీపల్‌కోటి దాటాక కొండ విరిగిపడింది. ఐదు గంటలు రోడ్డు మీదే. ఆ రాత్రి జోషీమఠ్‌లో ఆగాల్సొచ్చింది. అక్కడ నరసింహస్వామి గుడి చూడగలిగాం, స్వామి చెయ్యి సన్నబడుతూ వస్తోందని, అది విరిగిన రోజు బదరీ దారి మూసుకుపోతుందని, అప్పుడు బదరీనాథుడు భవిష్యబదరీ అనే చోట పూజలందుకుంటాడని పూజారి చెప్పాడు. కానీ షెడ్యూల్‌లో బదరీలో ఉన్న రాత్రి పోయింది. మర్నాడు ఎనిమిదిన్నరకి బదరీ చేరాం. చేరగానే మేనేజర్ మైకులో చెప్పాడు, పదకొండుకల్లా అందరూ బస్సు దగ్గరుండాలి, రుద్రప్రయాగ్‌లో రూములు బుక్ అయి ఉన్నాయి అని.

తప్తకుండంలో (గుడి దగ్గర వేడినీళ్ళ గుండం) స్నానం, దర్శనం క్యూ, ఇవి అయ్యేసరికే పదిన్నర. పిండప్రదానం సంగతి అడిగితే, సార్ మీ ఒక్కరికోసం బస్సు ఆపలేం అన్నాడు. అమ్మ ఏమీ గొడవ చేయలేదు. ఆయన ముందు నిలబడి, నాయనా, నేను వచ్చిందే దానికి, మా ఆయనకి పెట్టకుండా నేను బస్సెక్కను, మీరు వెళ్ళండి, మేం జీపు మాట్లాడుకుని వస్తాం అంది. అప్పుడు తణుకు నుంచి వచ్చిన పెద్దాయన, మాకూ పెట్టాలమ్మా, మొహమాటపడి అడగలేదు అన్నారు. అలా లెక్కపెడితే తొమ్మిది మంది! పక్షాల రోజుల్లో వేసిన టూర్ అండీ ఇది, తొమ్మిది మందికి పిండాలు పెట్టాల్సిన పని ఉందని ఆఫీసు వాళ్ళకి తెలియాల్సింది కదా.

మేనేజర్ మంచివాడే, ఆఫీసుకి ఫోన్ చేసి ఒప్పించాడు, తెలుగు ముక్కలు వచ్చిన పురోహితుణ్ణి కూడా ఆయనే వెతికి తెచ్చాడు. ఆ మాట రాయకపోతే అన్యాయం. అలకనంద ఒడ్డున తొమ్మిది మందిమి వరసగా కూర్చున్నాం. గోత్రం చెప్పి నాన్న పేరు, తాతగారి పేరు, ముత్తాత పేరు చెప్పాక పురోహితుడు ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడిగాడు, స్నేహితులకి, గురువులకి, దిక్కులేనివాళ్ళకి కూడా పెట్టొచ్చట. అమ్మ చిన్నప్పుడే పోయిన వాళ్ళ తమ్ముడి పేరు చెప్పింది. ఆయన పేరు నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

బయలుదేరేసరికి రెండున్నర. ఆ రాత్రి చమోలీ దాటలేకపోయాం, మర్నాడు హరిద్వార్ గంగా హారతి పోయింది, రిషికేశ్‌లో టీటీడీ వాళ్ళ ఆంధ్రా ఆశ్రమం, అక్కడి వెంకటేశ్వరస్వామి దర్శనం పోయాయి, ఢిల్లీలో రైలు పావుగంట తేడాతో అందింది. హారతి కోసం ఎదురుచూసిన వాళ్ళు బాధపడ్డారు, వాళ్ళ బాధా న్యాయమే. ఇదంతా ఒక్క రోజు ఖాళీ పెట్టుకుంటే జరిగేది కాదు. ఆ ఒక్క రోజుకి మనిషికి రెండు మూడు వేలు ఎక్కువ అడిగినా బస్సులో ఒక్కరు కూడా కాదనేవారు కాదు, నేను అడిగి మరీ చెప్తున్నా.

కాబట్టి బుక్ చేసేముందు ధర కంటే ముందు షెడ్యూల్ అడగండి. రోజూ ఎన్నింటికి బయలుదేరతారు, ఎన్నింటికి చేరతారు, ఖాళీ రోజు ఎక్కడుంది, కేదార్‌నాథ్ పైన రాత్రి రూమ్ ఎవరిది, మేనేజర్ పైకి వస్తాడా, బదరీలో ఒక రాత్రి పూర్తిగా ఉంటారా. ఈ జవాబులు వాట్సాప్‌లో రాసి పంపమనండి. పిండప్రదానం ఉంటే అదీ రాయించండి. వర్షాలు జులై, ఆగస్టుల్లో ఎక్కువ, కొండచరియలు అప్పుడే ఎక్కువ పడతాయి, మే జూన్‌లో రద్దీ, పక్షాలు దాటాక అక్టోబర్ మొదట్లో అయితే చలి ఉన్నా దారి కాస్త నయం అని డ్రైవర్ చెప్పాడు. సోన్‌ప్రయాగ్ నుంచి కేదార్‌నాథ్‌కి 12.9 కిలోమీటర్ల రోప్‌వేకి 2025 మార్చిలో కేంద్రం ఒప్పుకుంది, అది వస్తే మా అమ్మలాంటి వాళ్ళకి ఎంతో మేలు, అప్పటిదాకా డోలీనో గుర్రమో తప్పదు.

ఐదుకి మూడు ఇస్తున్నాను. అందులో రెండు ఆ వంటాయనవే.

బదరీ వెళ్తూ చోప్తాలో టీకి ఆగినప్పుడు పైన తుంగనాథ్ ఉందని, శివాలయాలన్నిటిలోకి ఎత్తైనది అదేనని ఎవరో చెప్తే అమ్మ చాలాసేపు ఆ కొండ వైపే చూసింది. వచ్చే ఏడాది తీసుకెళ్తానని మాటిచ్చాను. ఈసారి ప్యాకేజీ కాదు, హరిద్వార్‌లో టాక్సీ మాట్లాడుకుని ఇద్దరమే, ఆగిన ప్రతిచోటా రెండు రాత్రులు. చోప్తా నుంచి డోలీ రేట్లు, రూముల సంగతి ఈమధ్య వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి.