జింక కోసం మాటు: వనస్థలిపురం నుంచి మన్ననూరు దాకా

నవంబరు మొదటి శనివారం దగ్గర పడుతుంటే నాకు ఇప్పటికీ తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది. టెక్సాస్‌లో తెల్లతోక జింకల వేట సీజన్ మొదలయ్యే రోజు అది. శాన్ ఆంటోనియో వదిలి హైదరాబాద్ వచ్చేసి, ఎల్బీనగర్‌లో ఇల్లు కట్టుకుని, పిల్లల్ని కాలేజీల్లో వేసినా ఆ అలవాటు పోలేదు. మా ఆవిడ దాన్ని రోగం అంటుంది. కాదనడానికి నా దగ్గర పెద్ద వాదనేం లేదు.

అక్కడ నాకు వేట నేర్పింది ఆఫీసులో పక్క సీటు పెద్దాయన. ఆ రాష్ట్రంలో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటు వాళ్లది. తుపాకీ భుజాన వేసుకుని ఎవరు పడితే వాళ్లు గుట్టలెక్కడానికి ఉండదు. రాంచ్ (పశువుల మేత భూమి) యజమానికి రోజుకింత అని కట్టాలి, లేదంటే నలుగురు కలిసి ఏడాదికి లీజు తీసుకోవాలి. దానికి ముందు వేట శిక్షణ, పరీక్ష, లైసెన్సు. మనలా ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ ముట్టకూడదని అమెరికా చట్టం, వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు. ఈ సంగతి అక్కడున్న మనవాళ్లలో చాలామందికి తెలియదు.

కెర్‌విల్ అవతల రాళ్ల గుట్టల్లో మాటు వేసినప్పుడు నాకు మొదట ఎదురైంది తెల్లతోక కాదు, చుక్కల దుప్పి. మన దుప్పే! 1932లో మన దేశపు దుప్పుల్నీ కృష్ణజింకల్నీ టెక్సాస్‌లో తెచ్చి వదిలారు. రాంచ్‌ల కంచెలు దాటి, పెరిగి, ఇప్పుడు అక్కడివే అన్నట్టు తిరుగుతున్నాయి. బయటి జంతువులు కాబట్టి వాటికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్కా లేదు. ఇక్కడ తెలంగాణ రాష్ట్ర జంతువు, అక్కడ ఏడాది పొడుగునా వేట.

అది పొదలోంచి సగం బయటికొచ్చి ఆగింది. ముందుకాలు ఎత్తి నేలను ఒకసారి తన్నింది. ఒక చెవి నా వైపు, ఒకటి వెనక్కి. నేను ఉమ్మి మింగిన చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. స్కోపులో దాని గొంతు కింద తెల్ల మచ్చ కనిపిస్తోంది, నా గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ మచ్చ అదురుతోంది. ట్రిగ్గర్ నొక్కింది నాకు సరిగ్గా గుర్తు లేదు. దానికి ముందు గడిచిన ఆ కాసేపు మాత్రం ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ఇక్కడ ఆ మాటే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. కృష్ణజింక గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్‌లో ఉంది, చంపితే 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల దాకా జైలు. దాని మీద నాకు గొణుగుడు లేదు. ఇంత జనంలో ఆ కాసిని జింకలైనా మిగిలాయంటే చట్టం వల్లే. దావత్‌కు దుప్పి మాంసం తెప్పిస్తానని చెవిలో ఊదే మనుషులు ఇప్పటికీ తగులుతుంటారు, వాళ్లతో దోస్తీ వద్దు. అలాగని, కెమెరాతో వేటాడండి అనే పెద్దమనుషుల సలహా కూడా నాకు ఎక్కదు. జీపులో కూర్చుని పొడుగు లెన్సు పెట్టి టపటపా కొట్టడం ఫోటోగ్రఫీ. మంచి పనే, కాకపోతే వేట కాదు. వేటన్నాక మనిషి కాళ్ల మీద ఉండాలి, గాలి ఎటు వీస్తోందో పట్టించుకోవాలి, జంతువుకు మనల్ని పసిగట్టి పారిపోయే వీలుండాలి. తుపాకీ లేకుండా ఇవి ఎక్కడ దొరుకుతాయో చూద్దామని ఈ చలికాలం మా బావమరిదిని వెంటేసుకుని తిరిగాను. అతనికి జింకల మీద మోజు లేదు. కారు నడపడం మీద ఉంది, తినడం మీద ఇంకా ఉంది.

మొదట ఇంటి పక్కనే ఉన్న మహావీర్ హరిణ వనస్థలి. విజయవాడ హైవే మీద ఆటోనగర్ దగ్గర గేటు. ఎల్బీనగర్ మెట్రో దిగి ఆటో ఎక్కితే చాలు. ఒకప్పుడు నిజాం వేట మైదానం ఇది. 1975లో, మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా ఆ పేరు పెట్టారు. మూడున్నర వేల ఎకరాలకు పైగా ఉంది. తర్వాత మేం వెళ్లిన పోచారం, అమ్రాబాద్ అడవిలోని ఫర్హాబాద్ కూడా నిజాంల వేట నేలలే. పాలకుడు తన వేట కోసం అట్టిపెట్టుకున్న చోటే ఇవాళ జింక బతికి ఉంది, మిగతాదంతా ప్లాట్లయింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేట విడిదులను రాజా దీన్‌దయాళ్ తీసిన ఫోటోల్లో చూడొచ్చు. మచ్చిక చేసిన చీతాలను కృష్ణజింకల మీదికి వదిలే వేట కూడా ఆ రోజుల్లో ఉండేది. జింక వేగం ముందు గుర్రం చాలదు కదా మరి.

వ్యానులో తిప్పుతారు. కృష్ణజింక మగది నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో గడ్డి మధ్య నిలబడితే చూడముచ్చటగా ఉంటుంది. ఆడవీ పిల్లలూ గోధుమ రంగు. మందలో ఒకటి బెదిరిందంటే నిలువునా గాల్లోకి ఎగిరి దుముకుతుంది, వెనక మిగతావీ ఎగురుతాయి. మా బావమరిది అప్పుడొక్కసారే ఫోన్ పక్కన పెట్టాడు. పిల్లలతో వెళ్లేవాళ్లకు సగం రోజులో తేలిపోయే చోటు, ఖర్చు తక్కువ, బస గొడవ లేదు. నా లెక్కలో మాత్రం పాస్ కాదు. కృష్ణజింక బయలు మీద కంటిచూపుతో బతికే జంతువు. దాన్ని సమీపించాలంటే పొట్ట మీద పాకాలి, వ్యానులో కూర్చున్నవాడికి ఆ పని లేదు. పైగా వ్యానంటే వాటికి భయమూ లేదు, తల కూడా ఎత్తవు.

చిలుకూరు దగ్గర మృగవని సంగతి కాస్త వేరు. చిన్న పార్కే. కానీ చెట్టు నీడ ఉంది, దుప్పులున్నాయి, కణుజులున్నాయి (సాంబార్ జింకలు). సాయంత్రం కాస్త ముందుగా వెళ్లి కదలకుండా కూర్చుంటే దుప్పులు వాటంతట అవే బయటికి వస్తాయి. కూర్చోనిచ్చేదెవరు? వారాంతం అయితే బాలాజీ గుడికి వచ్చిన కుటుంబాలన్నీ ప్రదక్షిణలు ముగించుకుని ఇటే వస్తాయి. మామూలు రోజున, అదీ ఒక్కరే వెళ్లండి.

పోచారం మీద ఆశ పెట్టుకున్నాను. మెదక్ దగ్గర, హైదరాబాద్ నుంచి 115 కిలోమీటర్లు, 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. నిజాం కాలంలో కట్టిన చెరువు, చలికాలంలో దాని నిండా వలస బాతులు. పక్షులు చూసేవాళ్లు కళ్లు మూసుకుని వెళ్లొచ్చు, తిరుగు దారిలో మెదక్ చర్చి ఉండనే ఉంది. దుప్పులు, మనుబోతులు (నీల్‌గాయ్‌లు) కంచె లోపల దగ్గరగా కనిపిస్తాయి. కంచె అన్నాక నా కథ ముగిసినట్టే. బస మాత్రం చేదు అనుభవం. ఆ చుట్టుపక్కలే ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. అడవి పక్కన ప్రశాంతంగా అని ఫోటోలు పెట్టారు. రాత్రి లాన్‌లో ఎవరిదో సంగీత్, డీజే పెట్టె మా కిటికీ కిందే. అడిగితే మేనేజరు "మీరూ వచ్చి డాన్స్ చేయండి సార్" అన్నాడు. బావమరిది నిజంగానే వెళ్లాడు. పొద్దున అయిదుకు టీ కావాలంటే వంటవాడు ఏడుకి గానీ రాడట. జింక చూడాలనుకునేవాడికి ఏడు గంటల టీ ఎందుకు? రూము బుక్ చేసే ముందు రెండే అడగండి: ఆ రోజు ఫంక్షన్ ఏమైనా ఉందా, తెల్లారకముందు గేటు తీస్తారా.

ఇక అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నేను చెప్పదలుచుకున్నదంతా దీని గురించే, మిగతావి దారిలో తగిలినవి. తుక్కుగూడ, కడ్తాల్, ఆమన్‌గల్, డిండి మీదుగా శ్రీశైలం హైవేలో మన్ననూరు 140 కిలోమీటర్ల చిల్లర. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిలోకి బండ్లు వదలరు, అందుకే పొద్దుండగానే చెక్‌పోస్టు చేరాలి. వానాకాలం జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ మూత. ప్లాస్టిక్ సీసాలు తేవద్దంటారు, ఒక స్టీలు బాటిల్ పెట్టుకోండి.

అటవీశాఖ వాళ్ల కాటేజీలో దిగాం. బస, సఫారీ, నడక కలిపి ప్యాకేజీగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. శుభ్రమైన దుప్పట్లు, వేడినీళ్లు, అన్నం పప్పు కోడికూర. హంగులేం లేవు, అవసరమూ లేదు. సెల్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, బావమరిదికి అదొక్కటే దిగులు. సఫారీ ఫర్హాబాద్ వైపు. కొండ అంచున నిజాం వేట విడిది ఉన్న చోటు, కింద మైదానం కనుచూపు మేర. వ్యూ పాయింట్ బాగుంది, జీపు ప్రయాణమూ బాగుంది. దారిలో సాసర్ల లాంటి సిమెంటు నీటి తొట్లు చూపించారు, ఎండాకాలం వాటిని నింపుతారట. ఏప్రిల్, మే ఎండకు ఓర్చుకోగలిగితే జంతువులు ఎక్కువ కనిపించేది అక్కడే.

నేను వచ్చింది మాత్రం మర్నాటి పొద్దుటి నడక కోసం. మాతో వచ్చిన గైడ్ చెంచు కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో. కాలిబాట మీద పది అడుగులు వేశాడో లేదో ఆగి, వంగి, చిటికెడు దుమ్ము తీసి నడుము ఎత్తు నుంచి జారవిడిచాడు. దుమ్ము మా వెనక్కి పోయింది. గాలి ఎదురు, మంచిదే. టెక్సాస్‌లో మా పెద్దాయన ఇదే పనికి పౌడరు బుడ్డి జేబులో పెట్టుకు తిరిగేవాడు. నాకు ఒళ్లు జలదరించింది అప్పుడే, జింక ఇంకా ఎక్కడో ఉంది.

ఆ తర్వాత పెంటికలు చూపించాడు. నల్లగా, తడిగా మెరుస్తున్నాయి. "రాత్రివి కాదు సార్, ఇప్పటివే." గిట్టల గుర్తుల్లో ఇసుక అంచు ఇంకా రాలలేదు. బావమరిదిని బండ మీద కూర్చోబెట్టాడు, నన్ను తన వెనకే అడుగులో అడుగు వేయమన్నాడు. ఎండుటాకులు లేని చోటు చూసి మడమ ముందు ఆనించి నడుస్తాడు. ఇప్పచెట్ల మీద కొండముచ్చులు ఆకులు తెంపి పడేస్తున్నాయి, దుప్పులు చెట్టు కింద ఏరుకు తింటున్నాయి. చాలా దగ్గర. మూడేసి కొనలున్న కొమ్ములతో ఒక మగది, చుట్టూ ఆడవి. మేం బండ వెనక కూర్చున్నాం. నా మోకాలు కింద రాయి గుచ్చుకుంటోంది, కదలడానికి లేదు.

మగది తల ఎత్తింది. ముందుకాలు ఎత్తి నేలను తన్నింది. అంతే, నా చేతులు వాటంతట అవే భుజం మీదికి లేచాయి, లేని రైఫిల్ పట్టుకోవడానికి. గైడ్ అది చూసి నోరు నొక్కుకుని నవ్వాడు. ఆ నవ్వుకో, గాలి తిరిగిందో, ఈల లాంటి కూత ఒకటి పెట్టి మంద మొత్తం పొదల్లోకి దూకింది. కొండముచ్చులు పైనుంచి అరుపులు. నాకు చెమట పట్టింది, డిసెంబరు చలిలో.

డబ్బు దగ్గర చూస్తే అమ్రాబాద్ మిగతా మూడింటి కన్నా ఖరీదే, మళ్లీ ఒక రాత్రి బస తప్పదు. అయినా ఆ నడక ఒక్కటి చాలు, సఫారీ లేకపోయినా ఆ డబ్బు ఇస్తానంటాను. గైడ్‌కు టిప్ ధారాళంగా ఇవ్వండి, ముసలివాళ్లను, చిన్నపిల్లల్ని నడకకు తీసుకెళ్లకండి.

తిరుగు దారిలో డిండి దగ్గర చేపల కూర తింటూ బావమరిది అడిగాడు: "ఇగ సాలు గదా బావా? తుపాకీ లేకున్నా మజా వచ్చె గదా?"

వచ్చింది. చాలలేదు. పెద్దాయన లీజులో నా చోటు ఇంకా ఉంచాడు, ఈ సీజన్‌కైనా రమ్మంటున్నాడు. ఆ మాటే చెప్పాను.

"వీసా ఉందా మరి?"

"ఎప్పుడో అయిపోయింది. స్లాట్ దొరకాలి."

అతను చెయ్యి కడుక్కుని కారు తాళాలు అందుకున్నాడు. "అట్లయితే ముందుగాల చిలుకూరు పోదాం పా, పదకొండు తిరిగొద్దువు."