రెండు రకాల ర్యామ్ ఒకే బోర్డులో: రెండేళ్ల వాడకం తర్వాత నా మాట

నా కంప్యూటర్‌లో పాత 16 జీబీ ర్యామ్‌కి (పని జరిగేటప్పుడు డేటా తాత్కాలికంగా ఉండే మెమరీ) వేరే కంపెనీది ఇంకో 16 జీబీ కలిపి వాడటం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. ఇప్పుడు మెషిన్ ఏ గొడవా లేకుండా నడుస్తోంది, కానీ ఇక్కడిదాకా రావడానికి మూడు వారాలు పట్టింది, మధ్యలో ఒక పెళ్లివాళ్ల ముహూర్తం క్లిప్ పోయేంత పనైంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

నాది ఖమ్మంలో పెళ్లి వీడియోలు, ఆల్బమ్ డిజైనింగ్ పని. 2020లో కట్టించుకున్న మెషిన్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు ఉండేవి, 3200 స్పీడు. ప్రీమియర్‌లో ప్రాజెక్టు తెరిచి పక్కన ఫొటోషాప్‌లో 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు ఒకటి లేయర్లతో సహా పెట్టుకుంటే 16 జీబీ నిండిపోయి మౌస్ కూడా ఆగి ఆగి కదిలేది. అదే జత ఇంకోటి కొందామని వెతికితే ఆ మోడల్ ఎక్కడా దొరకలేదు. షాపులో అబ్బాయి “డీడీఆర్4 అయితే చాలన్నా, ఏదైనా సెట్ అయిపోద్ది” అని (డీడీఆర్4 అంటే ర్యామ్ తరం పేరు) 2666 స్పీడువి రెండు చేతిలో పెట్టాడు. పెట్టుకోవడం వరకు అతను చెప్పింది నిజమే. పాతవి 2, 4 స్లాట్లలో ఉన్నాయి, కొత్తవి 1, 3లో కూర్చున్నాయి, ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉండే రెండు దారులకూ (చానెళ్లకూ) సమానంగా 16 చొప్పున పడింది.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, ఆగుతాయి, మళ్లీ తిరుగుతాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. బోర్డు అంచున డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతూనే ఉంది. అన్నీ తీసి బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు చివర్లా టక్‌మనేదాకా నొక్కి, బోర్డు సెట్టింగులను గుర్తుపెట్టుకునే సీమాస్ బ్యాటరీ ఒక పది నిమిషాలు తీసి పెట్టాక ఆన్ అయింది. టాస్క్ మేనేజర్‌లో 32 జీబీ కనిపించింది, స్పీడు మాత్రం 2133. పాత జత 3200లో నడవడానికి కారణం దాని చిప్‌లో రాసి ఉన్న ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ (ఎక్కువ స్పీడుకు కంపెనీ ముందే రాసిపెట్టిన సెట్టింగులు), 1.35 వోల్టులు. కొత్త జతకు అలాంటి ప్రొఫైలే లేదు, అది 1.2 వోల్టుల మామూలు 2666. నేను బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే బోర్డు నాలుగింటినీ 3200లో పరిగెత్తమంది, కొత్తవి అందుకోలేకపోయాయి, మళ్లీ అదే నల్ల స్క్రీన్.

ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది, చాలామంది చేసేదీ ఇదే. 3000 సిరీస్ రైజెన్‌కి దాన్ని తయారుచేసే ఏఎండీ చెప్పిన లెక్క ప్రకారం రెండు స్టిక్‌లైతే 3200, సింగిల్ ర్యాంక్‌వి (ర్యాంక్ అంటే స్టిక్ మీద ఒకేసారి పనిచేసే చిప్‌ల గుంపు) నాలుగు పెడితే 2933, డ్యూయల్ ర్యాంక్‌వి నాలుగైతే 2667. నావన్నీ సింగిల్ ర్యాంక్, సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్‌లో చూసుకున్నా. కాబట్టి 2933 పెట్టి, 1.35 వోల్టులు ఇచ్చా. ఆన్ అయింది, విండోస్ వచ్చింది, రోజంతా పని చేసుకున్నా, ఇంకేముంది సెట్ అయిపోయిందనుకున్నా. ఏఎండీ లెక్క ప్రాసెసర్ ఎంతవరకు మోయగలదో చెబుతుంది, నేను కొన్న స్టిక్ ఎంత పరిగెత్తగలదో చెప్పదు. స్టిక్ మీద స్టిక్కర్‌లో 2666 అని స్పష్టంగా అచ్చువేసి ఉంది, దాన్ని దాటి అడిగింది నేనే.

వారంలో రెండుసార్లు బ్లూ స్క్రీన్ వచ్చింది, ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఇంకోసారి వేరే పేరుతో. అది డ్రైవర్ల పని అనుకుని వదిలేశా. తర్వాత ఒక పెళ్లి ఎడిట్ చేస్తుంటే జీలకర్ర బెల్లం పెట్టే చోట, సరిగ్గా అమ్మాయి చెయ్యి పైకి లేచే ఫ్రేములో, స్క్రీన్ మీద ఆకుపచ్చ గళ్లు పరుచుకున్నాయి. టైమ్‌లైన్ సమస్యేమో అని క్లిప్‌ని నేరుగా ప్లేయర్‌లో వేసి చూసినా అవే గళ్లు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. కెమెరాలో అదే షూట్ ఉన్న రెండో మెమరీ కార్డు ఇంకా ఫార్మాట్ చేయలేదు కాబట్టి బతికిపోయా, దాన్నుంచి ఇంకో ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేస్తే క్లిప్ శుభ్రంగా ఉంది. అంటే కార్డు నుంచి హార్డ్ డిస్క్‌కి కాపీ అయ్యేటప్పుడు డేటా ర్యామ్ మీదుగా వెళ్తూ అక్కడే పాడైంది, ఏ ఎర్రర్ మెసేజీ రాలేదు. మెషిన్ ఆగిపోతే మనకు తెలుస్తుంది. ఇలా ఫైల్లోకి చప్పుడు లేకుండా దూరే తప్పు తెలియదు, ర్యామ్ కలిపేవాళ్లు భయపడాల్సింది దీనికే.

ఆ రాత్రే పెన్‌డ్రైవ్‌లో ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 వేసుకుని దాన్నుంచే బూట్ చేశా. నాలుగూ కలిపి 2933లో నడిపితే మొదటి పాస్ (పరీక్ష ఒక పూర్తి చుట్టు) దాటింది, రెండో పాస్‌లో ఎర్ర అక్షరాలతో ఎర్రర్లు వరసగా పడ్డాయి. తర్వాత రాత్రికి ఒకటి చొప్పున నాలుగు స్టిక్‌లనూ విడివిడిగా వాటి స్పీడులోనే పరీక్షించా, ఒక్కదానిలోనూ తప్పు లేదు. పాత జత 3200లో శుభ్రం, కొత్త జత 2666లో శుభ్రం. షాపుకి వెళ్లి గొడవపడదామనుకున్నవాణ్ని ఆగిపోయా, ఎందుకంటే పాడైన స్టిక్ ఏదీ లేదు. చివరికి ఎక్స్‌ఎంపీ తీసేసి నాలుగింటికీ 2666, టైమింగ్‌లు (స్టిక్ స్పందించడానికి పట్టే ఆలస్యాలు) 19-19-19-43 అని చేత్తో పెట్టి రాత్రంతా వదిలేస్తే నాలుగు పాస్‌లూ సున్నా ఎర్రర్లతో పూర్తయ్యాయి. ఆ ముందు కాపీ చేసిన ఫుటేజీ మొత్తం కార్డుల నుంచి మళ్లీ తెచ్చుకున్నా, రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజుల టెన్షన్ నాకు ఇంకా గుర్తే.

3200 నుంచి 2666కి దిగితే నష్టమెంత అని అడిగేవాళ్లకి: రైజెన్‌లో ప్రాసెసర్ భాగాలను కలిపే లోపలి ఫ్యాబ్రిక్ కూడా మెమరీతో పాటే నెమ్మదిస్తుంది, 1600 నుంచి 1333కి. గేమ్స్ ఆడేవాళ్లకి ఫ్రేముల్లో తేడా తెలుస్తుంది. నాకు గంట వీడియో ఎక్స్‌పోర్ట్‌లో రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతోంది, అంతే. దానికి బదులు షీట్లు ఆరేడు ఒకేసారి తెరుచుకుని పని చేసుకుంటున్నా.

ఈ రెండేళ్లలో ఇంకో ఇబ్బంది ఒక్కసారే వచ్చింది. బయోస్ అప్‌డేట్ చేశాక సెట్టింగులన్నీ పోయి మళ్లీ మొదటికొచ్చాయి, మళ్లీ చేత్తో పెట్టుకున్నా. వేడికి మెమరీ తప్పులు పెరుగుతాయి కాబట్టి ఏటా మే నెలలో, మా గది నిప్పుల గుండంలా ఉండే మధ్యాహ్నం పూట, ఒకసారి మెమ్‌టెస్ట్ నడుపుతా, ఇప్పటిదాకా శుభ్రంగానే ఉంది.

మా బావమరిది ఆఫీసులో ఇంటెల్ మెషిన్‌కి 8కి తోడు 16 పెట్టాం, 24 జీబీలో 16 డ్యూయల్ చానెల్‌లో, మిగతా 8 సింగిల్‌లో నడుస్తుంది. టాలీ, ఎక్సెల్ పనికి అది చాలు, అక్కడ ఏ సమస్యా రాలేదు.

నాలాంటి పనివాళ్లు ఎవరైనా అడిగితే నేను పాత జత అమ్మేసి 16 జీబీవి రెండు ఒకే డబ్బాలో ఉన్నవి కొనమంటాను. అంత డబ్బు లేదంటే కలపండి, కానీ నెమ్మదైనదాని స్పీడులోనే నడపండి, పరీక్ష పూర్తయ్యేదాకా కార్డులు ఫార్మాట్ చేయకండి. ఏడాదిలో నేను తర్వాతి తరం డీడీఆర్5కి మారతా. రైజెన్ 7000లో రెండు స్టిక్‌లకి 5200 అని చెప్పే ఏఎండీ నాలుగింటికి 3600 అంటోంది, అందుకే ఈసారి 32 జీబీవి రెండే తీసుకుంటా, మిగతా రెండు స్లాట్లు ఖాళీగానే ఉంచుతా.