ఫెర్మి దత్తాంశ సేవ: తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వాడి చూశాక

కృష్ణ పదార్థంపై (కంటికి కనబడక, గురుత్వాకర్షణ ద్వారానే ఉనికి తెలిసే పదార్థంపై) ప్రాజెక్టు చేయదలచిన మన తిరుపతి ఎమ్మెస్సీ భౌతికశాస్త్ర విద్యార్థులకు, నాసా నిర్వహిస్తున్న ఫెర్మి దత్తాంశ సేవను ఒక అధ్యాపకుడిగా గట్టిగా సిఫారసు చేస్తున్నాను. 2008లో ప్రయోగించిన ఫెర్మి టెలిస్కోపు నమోదు చేసిన గామా ఫోటాన్ల (అత్యధిక శక్తి గల కాంతి కణాల) వివరాలు ఇక్కడ ఉచితంగా దొరుకుతాయి. పరిశోధకులు వాడేదీ ఈ దత్తాంశాన్నే.

మేము ఎంచుకున్నది డ్రాకో అనే మరుగుజ్జు గెలాక్సీని, అంటే పాలపుంత చుట్టూ తిరిగే ఒక చిన్న గెలాక్సీని. ఇటువంటి వాటిలో నక్షత్రాలు కొద్ది, వాయువు దాదాపు శూన్యం. అయినా ఆ నక్షత్రాల వేగాలను బట్టి లెక్కగడితే, కనిపించే పదార్థానికి ఎన్నో రెట్లు కృష్ణ పదార్థం ఉన్నట్టు తేలుతుంది. దాని కణాలు పరస్పరం ఢీకొని నశించేవే అయితే గామా కిరణాలు వెలువడాలి. పాలపుంత కేంద్రంలో వాటిని వెతకడం బ్రహ్మోత్సవాల విద్యుద్దీపాల మధ్య ఒక్క ప్రమిదను వెతకడమే. మరుగుజ్జు గెలాక్సీలలో ఆ రద్దీ లేదు.

ఫారంలో ఆకాశంలో డ్రాకో స్థానం (డిగ్రీలలో) 260.05, 57.92 అనీ, వ్యాసార్థం 10 డిగ్రీలనీ, ఫోటాన్ శక్తి 500 ఎంఈవీ నుంచి 500 జీఈవీ (ఒక జీఈవీ అంటే వెయ్యి ఎంఈవీ) వరకనీ నింపితే ఫైళ్లు సిద్ధమవుతాయి. కాలాన్ని 2001 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లలో లెక్కిస్తారు కనుక, 239557417 వంటి అంకె కనబడితే పిల్లలు కంగారుపడకుండా ముందే చెప్పి ఉంచాలి. విశ్లేషణ సాఫ్ట్‌వేర్ లినక్స్, మ్యాక్‌ల కోసం తయారైనది. విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవారు అందులో లినక్స్ ఏర్పాటు చేసుకోక తప్పదు.

అసలు శ్రమంతా నేపథ్యాన్ని తీసివేయడంలోనే ఉంది. 100 ఎంఈవీ దగ్గర ఫోటాన్ వచ్చిన దిశ కొన్ని డిగ్రీల మేర అస్పష్టంగా ఉంటుంది కాబట్టి, పక్కనున్న వనరుల కిరణాలు మన లక్ష్యం మీదికి పొర్లి వస్తాయి. వాటన్నిటినీ నమూనాలో చేర్చనిదే ఫలితాన్ని నమ్మడానికి లేదు.

"ఏమీ రాలేదు సార్, రిపోర్టులో ఏం రాయాలి?" అని ఒక విద్యార్థిని అడిగింది. రాయవలసింది గరిష్ఠ పరిమితిని, అంటే సంకేతం ఉన్నా ఇంతకు మించి ఉండదని చెప్పే అంకెను. 2015లో ఫెర్మి బృందం 15 మరుగుజ్జు గెలాక్సీల ఆరేళ్ల దత్తాంశాన్ని కలిపి చూసినా స్పష్టమైన సంకేతం కనబడలేదు. అయితే ఆ శూన్యం నుంచే, బాటమ్ క్వార్కులు, టౌ లెప్టాన్లు అనే మౌలిక కణాలుగా నశిస్తూ, విశ్వంలో నేడున్న కృష్ణ పదార్థ పరిమాణానికి లెక్క సరిపోయే 100 జీఈవీ లోపు కణాలకు ఆస్కారం లేదని వారు చూపగలిగారు. ఆ అమ్మాయి తన పరిమితిని తానే గణించి గ్రాఫు గీసింది. ఈ సేవ విలువ నాకు అక్కడే తెలిసింది.

కొత్తగా మొదలుపెట్టేవారు సెగూ 1 అనే మరో మరుగుజ్జు గెలాక్సీ జోలికి వెళ్లకుండా డ్రాకోనే తీసుకోవడం మేలు. సెగూ 1 మనకు దగ్గరదే గానీ, దానిలో వేగం కొలవగలిగిన నక్షత్రాలు మరీ తక్కువ కావడం వల్ల కృష్ణ పదార్థపు అంచనాలోనే అనిశ్చితి ఎక్కువగా ఉంది.