లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితమే, కానీ ఎర్ర హెచ్చరిక ఎందుకు పోదు?

సైట్ తెరవగానే ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని కనిపిస్తే, వచ్చినవాళ్లలో చాలామంది అక్కడి నుంచే వెనక్కి పోతారు. చిన్న సైట్లకు ఆ నష్టం తప్పించడానికి మేం ముందుగా చెప్పే పేరు లెట్స్ ఎన్‌క్రిప్ట్. సైట్‌తో కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు చూపే సర్టిఫికెట్లు ఇచ్చే సేవ ఇది. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది, 2015 చివర నుంచి అందరికీ అందుబాటులో ఉంది, పైసా తీసుకోదు. సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్ మన సర్వర్‌లో ఉండి సర్టిఫికెట్ తెచ్చిపెడుతుంది.

సర్వర్‌లో ఉబుంటు (లినక్స్ రకం), దాని మీద ఎన్జిన్‌ఎక్స్ (పేజీలు పంపే ప్రోగ్రామ్) ఉంటే పది నిమిషాల పని. సర్ట్‌బాట్‌కు మీ సైట్ పేరు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ రెండూ ఇవ్వండి. ఒకటి వదిలేస్తే ఆ పేరుతో వచ్చినవాళ్లకు ‘కామన్ నేమ్ ఇన్వాలిడ్’ అని వస్తుంది. ఫైర్‌వాల్‌లో 80వ పోర్టు తెరిచి ఉంచాలి, ఆ పేరు మీదేనా అని లెట్స్ ఎన్‌క్రిప్ట్ చేసే తనిఖీ అక్కడికే వస్తుంది. డీఎన్ఎస్‌లో (సైట్ పేరు ఏ సర్వర్‌దో చెప్పే పట్టికలో) పాత సర్వర్‌కు చూపే ఐపీవీ6 (కొత్త తరహా అడ్రస్) రికార్డు మిగిలి ఉంటే తనిఖీ ముందు అటే పోయి ఫెయిలవుతుంది. ఒక పేరుకు గంటలో 5 సార్లు ఫెయిలైతే కాసేపు ఆగాల్సిందే. అందుకే ముందు డ్రై-రన్ (నిజం సర్టిఫికెట్ తీసుకోకుండా చేసే పరీక్ష) పెట్టి చూడండి.

సర్టిఫికెట్ గడువు 90 రోజులు. ఎక్కువ సైట్లు పడిపోయేది ఇక్కడే. వెబ్‌రూట్ పద్ధతిలో (తనిఖీ ఫైలును సైట్ ఫోల్డర్‌లో పెట్టే పద్ధతి) తీసుకుంటే, గడువు దగ్గరపడ్డప్పుడు సర్ట్‌బాట్ డిస్కులో కొత్త ఫైలు పెడుతుంది. ఎన్జిన్‌ఎక్స్ మాత్రం మెమరీలో ఉన్న పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. ‘సర్ట్‌బాట్ సర్టిఫికెట్స్’ కమాండ్ ఒక తేదీ చెప్పి, బ్రౌజర్ ఇంకో తేదీ చూపిస్తే జబ్బు ఇదే. డెప్లాయ్-హుక్‌లో (కొత్త సర్టిఫికెట్ రాగానే సర్ట్‌బాట్ నడిపే కమాండ్‌లో) ఎన్జిన్‌ఎక్స్ రీలోడ్ రాసిపెడితే పోతుంది. గడువు దగ్గరపడిందని పంపే ఈమెయిళ్లను లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో ఆపేసింది. ఇది మాకు నచ్చలేదు. గడువు మీద కన్నేసే సాధనం ఒకటి మీరే పెట్టుకోండి. 2029 మార్చి నుంచి ఏ సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్‌కైనా గడువు 47 రోజులు దాటదు కాబట్టి, ఇంకా చేత్తో మారుస్తున్నవాళ్లు ఇప్పుడే ఆటోమేటిక్‌కు మారడం మంచిది.

కంప్యూటర్‌లో బాగానే తెరుచుకుని, మొబైల్ యాప్‌లోనో కర్ల్‌లోనో (కమాండ్‌తో పేజీ తెచ్చే సాధనం) ఎర్రర్ వస్తోందంటే, చాలావరకు మీ సర్టిఫికెట్‌ను నమ్మకమైన మూల సర్టిఫికెట్‌తో కలిపే మధ్య సర్టిఫికెట్ అందడం లేదు. ఎన్జిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలులో) సర్ట్.పెమ్ అని ఉన్నచోట ఫుల్‌చైన్.పెమ్ పెట్టండి.

సర్టిఫికెట్ సరిగ్గానే ఉన్నా అడ్రస్ పక్కన హెచ్చరిక పోలేదా? పేజీలో ఎక్కడో బొమ్మ లింకు ఇంకా భద్రత లేని పాత హెచ్‌టీటీపీతోనే ఉండొచ్చు. స్క్రిప్టు అయితే బ్రౌజర్ పూర్తిగా అడ్డుకుంటుంది, మెనూ పనిచేయదు. ఎఫ్12 నొక్కి కన్సోల్‌లో ‘మిక్స్‌డ్ కంటెంట్’ అని వెతికితే ఫైలు పేరుతో సహా దొరుకుతుంది. వర్డ్‌ప్రెస్‌లో పాత పోస్టుల లింకులు డేటాబేస్‌లోనే మార్చాలి. అంతకుముందు బ్యాకప్ తీసుకోండి.

లోపాలూ ఉన్నాయి. ఫోన్ చేసి అడగడానికి ఎవరూ ఉండరు. ఆఫీసు లోపల వాడే డాట్ లోకల్ పేర్లకు సర్టిఫికెట్ ఇవ్వదు. వైల్డ్‌కార్డ్ (ఒక డొమైన్ కింది పేర్లన్నిటికీ ఒకే సర్టిఫికెట్) ఇస్తుంది గానీ డీఎన్ఎస్ తనిఖీతోనే, అంటే మీ డీఎన్ఎస్ కంపెనీకి ఏపీఐ (ప్రోగ్రామ్‌తో రికార్డు మార్చే వీలు) లేకపోతే ప్రతిసారీ రికార్డు చేత్తో పెట్టాల్సి రావచ్చు.

తెలుగు లిపిలో డొమైన్ తీసుకున్నవాళ్లు ఒకటి గమనించాలి. పేరు తెలుగులో ఇస్తే సర్ట్‌బాట్ ఒప్పుకోదు. ‘ఎక్స్‌ఎన్’ అక్షరాలతో మొదలయ్యే ప్యూనీకోడ్ రూపం (అదే పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే పద్ధతి) ఇవ్వండి, సర్టిఫికెట్ వచ్చేస్తుంది.